నవంబరు నుంచి ఏప్రిల్ దాకా విన్నిపెగ్‌లో ఉండాలి. చలి సరే, మనిషి దిగాలు పడకుండా ఎలా?

ఆమదాలవలస అమ్మ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది ఆమదాలవలస. మా అమ్మాయి, అల్లుడు కెనడాలో విన్నిపెగ్ అనే ఊర్లో ఉంటారు. జనవరి ఆఖర్న అమ్మాయికి పురుడు. మేమిద్దరం నవంబరు మొదట్లో వెళ్ళి ఏప్రిల్ దాకా ఉండేలా అల్లుడు టికెట్లు చేయించాడు. నాకు 59, మా ఆయనకి 66. ఆయనకి బీపీ ఉంది, మాత్రలతో అదుపులోనే ఉంది. నాకు మోకాళ్ళ నొప్పులు తప్ప ఇంకేం లేవు.

ఏం బట్టలు కొనాలో అల్లుడు పెద్ద లిస్టు పంపాడు. బట్టల గురించి నాకు బెంగ లేదు. నా బెంగంతా మా ఆయన గురించే. రిటైరైన దగ్గర్నుంచి తెల్లారగట్ల ఐదింటికి లేచి స్టేషన్ దాకా నడిచి, టీ కొట్టు దగ్గర పేపరు చదివి, అక్కడున్న నలుగురితో రాజకీయాలన్నీ తేల్చి, కూరలు పట్టుకుని ఎనిమిదింటికి ఇంటికొస్తారు. తుఫాను పట్టి రెండు రోజులు గడప దాటకపోతేనే అందరి మీదా విసుక్కుంటారు. అలాంటి మనిషిని అన్ని తలుపులూ బిగించిన ఇంట్లో నెలల తరబడి కూర్చోబెడితే ఏమైపోతారో అని టెన్షన్. మా వీధిలో ఒకావిడ కొడుకు దగ్గరికని అమెరికా వెళ్ళి, చలికాలం సగంలోనే వెనక్కి వచ్చేసింది. "నాలుగింటికే చీకటి పడిపోద్దమ్మా, మనసంతా అదోలా అయిపోద్ది" అంటుంది.

మనకి చలంటే ధనుర్మాసంలో తెల్లవారుజామున మంచు, ఒక దుప్పటి, తొమ్మిదయ్యేసరికి ఎండ. అంతకు మించి తెలీదు. అక్కడ చలికాలం గడిపిన మన జిల్లాల వాళ్ళు ఎవరైనా ఉంటే మీ అనుభవం చెప్పండి. "ఎంజాయ్ చెయ్యండి ఆంటీ" అని మాత్రం రాయకండి, మా అల్లుడు రోజూ అదే అంటున్నాడు.

—

పలాస జీడిపప్పు

ఆంటీ, మా అత్తగారు, మామగారు ఒక చలికాలం టొరంటోలో ఉన్నారు. పొద్దున్న లేస్తే సీరియళ్ళు, మధ్యాహ్నం యూట్యూబ్, రాత్రి మళ్ళీ సీరియళ్ళు. మధ్యమధ్యలో జంతికలు. తిరిగొచ్చాక మామగారి షుగర్ చూసి డాక్టరు గారు రిపోర్టు తారుమారైందేమో అనుకున్నారు. చలి వాళ్ళని ఏమీ చెయ్యలేదు, సోఫా చేసింది. ఇంతకు మించి నాకు అనుభవం లేదు, పెద్దవాళ్ళు చెప్తారు.

—

చీపురుపల్లి సోషల్ టీచర్

చెల్లెమ్మా, నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. మా అబ్బాయి ఉండేది విన్నిపెగ్‌లోనే, కాబట్టి ఆ ఊరి చలికాలం నాకు తెలుసు. మీ వీధి ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే ఆవిడని వెనక్కి పంపింది చలి అయి ఉండదు. చీకటి, ఒంటరితనం. చలికి కావలసింది డబ్బిస్తే కొట్లో దొరుకుతుంది. ఈ రెండింటికీ మాత్రం మనమే ఏర్పాటు చేసుకోవాలి, అదీ వెళ్ళిన మొదటి వారంలోనే. దిగాలు మొదలయ్యాక లేచి ఏదైనా చేద్దామంటే ఒళ్ళు మాట వినదు.

ముందు లెక్క చెప్తాను, పాత అలవాటు. శ్రీకాకుళం 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. విన్నిపెగ్ దాదాపు 50 మీద. డిసెంబరులో అన్నిటికన్నా చిన్న పగలు కూడా మనకి 11 గంటలు. అక్కడ 8 గంటలే. పొద్దున్న ఎనిమిదిన్నరకి కాస్త ముందు సూర్యుడు వస్తాడు, సాయంత్రం నాలుగున్నరకి వెళ్ళిపోతాడు. మన ఊళ్ళో శీతాకాలం పొద్దున్న ఎనిమిదింటికి ఎండ ఎంత ఏటవాలుగా పడుతుందో, అక్కడ మిట్టమధ్యాహ్నం అంతే. మీ ఆయన అలవాటుగా ఐదింటికి లేచారనుకోండి, ఇంకా మూడు గంటల పైన చీకట్లో కూర్చోవాలి. అసలు గొడవంతా అక్కడ మొదలవుతుంది.

అయితే చాలామందికి తెలియని మంచి సంగతి ఒకటుంది. విన్నిపెగ్ చలి ఊరే గానీ మబ్బు ఊరు కాదు. బాగా చలిగా ఉన్న రోజే ఆకాశం కడిగినట్టు నీలంగా ఉంటుంది. ఎండ మంచు మీద పడి కళ్ళు మిరుమిట్లు గొలుపుతాయి. నల్ల కళ్ళద్దాలు పట్టుకెళ్ళండి, అవసరం పడతాయి.

ఆ వెలుతురే మందు. చలికాలం రాగానే దిగులు, అతినిద్ర, ఊరికే తీపి తినాలనిపించడం, మళ్ళీ వసంతం రాగానే అదంతా తగ్గిపోవడం ఒక జబ్బు లక్షణాలని 1984లో నార్మన్ రోసెంతాల్ అనే సైకియాట్రిస్టు, ఆయన తోటివాళ్ళు రాశారు. ఆయన దక్షిణాఫ్రికాలో పుట్టి పెరిగి అమెరికా వెళ్ళినవాడు. ఎండ దేశం నుంచి వెళ్ళాడు గనక తన ఒంట్లో తేడా తనకే తెలిసింది. వెలుతురు కంట్లో పడితేనే మెదడుకి పగలైందని తెలుస్తుంది. ఇంట్లో ఎన్ని లైట్లు వేసినా అది కొన్ని వందల లక్స్‌కి (వెలుతురుని కొలిచే లెక్క) మించదు. బయట మబ్బు పట్టిన రోజైనా వేలల్లో ఉంటుంది. అందుకే నేను పెట్టుకున్న నియమం ఒకటే: భోజనానికి ముందు, పన్నెండు దాటగానే, వీధి చివర దాకా వెళ్ళి రావాలి. పది నిమిషాలైనా సరే. మొదట్లో మా కోడలు "అత్తయ్యా, మైనస్ 15 ఉంది" అని గుమ్మంలో అడ్డం నిలబడేది. తర్వాత తనే కోటు అందించడం మొదలుపెట్టింది.

హద్దు మాత్రం ఉంది. జనవరిలో రాత్రిళ్ళు సగటున మైనస్ 20 చుట్టూ ఉంటుంది, కొన్ని రోజులు మైనస్ 30 కూడా దాటుతుంది. వాళ్ళ వాతావరణ శాఖ విండ్‌చిల్ అని గాలిని కూడా కలిపి ఒక అంకె చెప్తుంది. అది మైనస్ 28 దాటితే బట్ట కప్పని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టవచ్చు. మైనస్ 40 దాటితే ఐదు పది నిమిషాలు చాలు. ఫోన్లో ఆ అంకె చూడ్డం మీ ఆయనకి నేర్పించండి. మగవాళ్ళకి రోజూ చూసుకోడానికి ఒక అంకె ఉంటే హుషారుగా ఉంటారు.

ఇక మీ ఆయన సంగతి. ఆయనకి కావలసింది నడక అనుకుంటున్నారా? నాకలా అనిపించడం లేదు. టీ కొట్టు దగ్గర నలుగురు కావాలి. విన్నిపెగ్‌లో పోలో పార్క్ అని పెద్ద మాల్ ఉంది. చలిరోజుల్లో పెద్దవాళ్ళు లోపల్లోపలే నడుస్తారు, తర్వాత కాఫీ దగ్గర కూర్చుంటారు. ఆ ఊళ్ళో పంజాబీలు, ఫిలిప్పీన్స్ వాళ్ళు చాలామంది. మా ఆయనకి హిందీ అంతంతే, ఇంగ్లీషు ఆఫీసు వరకే. అయినా ఒక సర్దార్ పెద్దాయనతో స్నేహం కుదిరింది. క్రికెట్టు, మోకాళ్ళు, కొడుకులు, ఈ మూడు విషయాలకీ భాష పెద్దగా అక్కర్లేదని అప్పుడే తెలిసింది. మాల్‌కి దింపే మనిషి లేకపోతే బస్సు నేర్చుకోవాలి. వారంలో కొన్నిసార్లయినా అల్లుడి కారు కోసం చూడకుండా మీరిద్దరే బయటికి వెళ్ళగలగాలి. పిల్లల మీద ఆధారపడి కూర్చోవడం చలికన్నా మనిషిని ఎక్కువ కుంగదీస్తుంది. ఈ మాట మీ అల్లుడికి కూడా చదివి వినిపించండి, తప్పులేదు.

ఇంకో ఉపాయం. చలికాలంలో విన్నిపెగ్‌కీ మనకీ పదకొండున్నర గంటల తేడా. అక్కడ సాయంత్రం ఏడయితే ఇక్కడ మర్నాటి పొద్దున్న ఆరున్నర. అంటే మీ ఆయన బ్యాచ్ టీ కొట్టు దగ్గర చేరే వేళ. ఎవరో ఒకరిని వీడియో కాల్ పెట్టమనండి. అక్కడ చీకట్లో సోఫాలో కూర్చుని ఇక్కడి టీ కొట్టు గొడవంతా వింటారు. రాత్రి భోజనానికి మనిషి మామూలుగా ఉంటారు.

మీకు కూడా సొంతంగా ఒక పని ఉండాలి. వంట మొత్తం నెత్తినేసుకోకండి, పురుడంటే ఎలాగూ తప్పదు, కానీ అదొక్కటే అయితే ఫిబ్రవరికల్లా విసుగొస్తుంది. నేను ఎండ తగిలే కిటికీ దగ్గర వెడల్పాటి ట్రేలో మెంతులు జల్లాను. పచ్చటిది ఏదో ఒకటి పెరుగుతుంటే చూడ్డానికి ఎంత హాయిగా ఉంటుందో అక్కడ ఉంటే తెలుస్తుంది. అసినిబోయిన్ పార్కులో 'ద లీఫ్' అని పెద్ద అద్దాల తోట ఉంది, 2022 డిసెంబరులో తెరిచారు. బయట మైనస్ 25 ఉన్నా లోపల వేడి దేశాల చెట్లు. అడుగు పెట్టగానే వాన వెలిసిన శ్రావణ మధ్యాహ్నం కొబ్బరి తోటలోకి వెళ్ళినట్టు ఒళ్ళంతా తడి వెచ్చదనం తగులుతుంది. టికెట్ ఉంటుంది. అయినా నెలకోసారి వెళ్ళండి, మీ ఆయన వద్దన్నా మీరు వెళ్ళండి.

ఆ ఊరి వాళ్ళని చూసి నేను నేర్చుకున్నది, వాళ్ళు చలికాలం ఎప్పుడు పోతుందా అని కూర్చోరు. నదులు గడ్డకట్టాక ఫోర్క్స్ అనే చోట మంచు మీదే దారి చేస్తారు. చంటిపిల్లల్ని స్లెడ్జి బండిలో లాక్కుంటూ దాని మీద తిరుగుతారు. ఫిబ్రవరిలో సెయింట్ బోనిఫేస్ వైపు ఫ్రెంచి వాళ్ళ పెద్ద శీతాకాల పండగ జరుగుతుంది, మంచుతో బొమ్మలు చెక్కుతారు. మా ఆయన నది మీద కాలు పెట్టనంటే పెట్టనని గట్టునే నిలబడ్డారు. నేను మాత్రం వెళ్ళాను.

మన పండగలు కూడా వదలొద్దు. భోగి మంట వెయ్యడానికి వీల్లేదు గానీ అరిసెలకి ఏం అడ్డం? రథసప్తమికి అరసవల్లి వెళ్ళలేం, జిల్లేడాకులు దొరకవు. తూర్పు కిటికీ దగ్గర పరమాన్నం పెట్టి దండం పెట్టుకున్నాం. ఆ వేళకి అక్కడ పగలు డిసెంబరుకన్నా గంటకు పైగా పెరిగి ఉంటుంది. మన పెద్దవాళ్ళు సూర్యుడి రథం ఉత్తరానికి తిరిగిందని ఎందుకన్నారో నేను ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను, కంటితో చూసింది మాత్రం అక్కడే.

ఒక్క హెచ్చరిక. అసలు కష్టం జనవరిలో రాదు. మార్చిలో వస్తుంది. జనవరిలో అందరూ మిమ్మల్ని చలి గురించి అడుగుతారు, జాలి పడతారు. మార్చిలో ఇక్కడ మామిడి పిందెలు, ఉగాది హడావిడి. ఫోన్లో అందరూ ఎండలు మొదలయ్యాయంటారు. మీకేమో కిటికీలోంచి ఇంకా తెల్లగానే కనిపిస్తుంది, అదీ మట్టి కలిసి మురికిగా. అప్పటికి ఏదో ఒక ప్రయాణమో, ఇంట్లో చిన్న ఫంక్షనో దాచి పెట్టుకోండి. మీకు మనవడో మనవరాలో వస్తారు కాబట్టి ఆ దిగులు అంతగా తెలియకపోవచ్చు.

—

సోంపేట మాజీ హవల్దార్

అమ్మగారూ, జైహింద్. ఆర్మీలో ఉండగా లద్దాఖ్‌లో లే, ద్రాస్ వైపు చలికాలాలు గడిపాను. ద్రాస్ పది వేల అడుగుల పైన ఉంటుంది, చలి మీ విన్నిపెగ్‌కి తీసిపోదు. పైగా మాకు హీటర్ ఇల్లు లేదు, బుఖారీ పొయ్యి ఉండేది. టీచరమ్మ మనసు సంగతి చెప్పారు, నేను ఒంటి సంగతి చెప్తాను.

ఒక్క లావు స్వెట్టరు కన్నా మూడు పలచటి బట్టలు మేలు. ఒంటిని అంటుకుని థర్మల్స్, దాని మీద ఉన్ని, అన్నిటి పైనా గాలి చొరబడని కోటు. చెమట పట్టనివ్వకండి. చలిలో మనిషిని పడగొట్టేది చెమట. నూలు బట్ట చెమట పీల్చి తడిగా ఉండిపోతుంది, ఆ తడి ఒంట్లో వేడి లాగేస్తుంది. పొందూరు ఖద్దరు మా జిల్లా గౌరవం, నేనూ కడతాను, కానీ అక్కడ లోపల వేసుకోడానికి పనికిరాదు. బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకోండి. ఉన్ని మేజోళ్ళతో బిగుతుగా ఉంటే రక్తం ఆడదు, ముందు వేళ్ళే పోతాయి. చేతులకి వేళ్ళు విడివిడిగా ఉన్న గ్లౌజులు వద్దు. నాలుగు వేళ్ళూ ఒకే గదిలో ఉండే రకం తీసుకోండి, వేళ్ళు ఒకదాన్నొకటి కాచుకుంటాయి.

ముక్కు, చెవి, వేలు తెల్లబడి స్పర్శ పోతే రుద్దకండి. మంట దగ్గర పెట్టకండి. స్పర్శ ఉండదు గనక కాలినా తెలీదు. లోపలికి వచ్చి చెయ్యి పెడితే గోరువెచ్చగా అనిపించే నీళ్ళలో ఉంచాలి, వేడినీళ్ళలో కాదు. ఇంకా తెలుపు పోకపోతే ఆసుపత్రికి వెళ్ళాలి.

మీకు మోకాళ్ళంటున్నారు కాబట్టి చలికన్నా జారడం ప్రమాదం. రోడ్డు తడిగా మెరుస్తుంటే నీళ్ళనుకోకండి, అది గడ్డ. చేతులు జేబుల్లోంచి తీసి, పాదం మొత్తం ఆనించి, చిన్న చిన్న అడుగులు వెయ్యాలి. బూటు కింద తగిలించుకునే ముళ్ళ పట్టీలు దొరుకుతాయి, తప్పకుండా కొనండి. ఇంట్లోకి వచ్చాక విప్పెయ్యండి, టైల్స్ మీద అవే జారతాయి.

రమ్ము సంగతి మా బంధువులు అందరూ అడుగుతారు. సార్ అడగకముందే చెప్తున్నా. తాగితే వెచ్చగా అనిపిస్తుంది అంతే, నిజానికి ఒంట్లో వేడి చర్మం మీదకొచ్చి బయటికి పోతుంది.

మనసు గురించి ఒక్కటే. బంకర్‌లో ఎవరూ చూసేవాళ్ళు లేకపోయినా పొద్దున్నే గడ్డం గీసుకుని, పక్క మడిచి, బూట్లు తుడిచేవాళ్ళం. అది మానేసిన కుర్రాడు వారంలో డల్ అయిపోయేవాడు. సార్‌ని నైట్ డ్రెస్‌లో మధ్యాహ్నం దాకా ఉండనివ్వకండి. రోజూ చోడి (రాగి) అంబలి ఇవ్వండి. చోడి ఉంటే ఈ విటమిన్ మాత్రలేవీ అక్కర్లేదు.

—

రాజాం నర్సు

అందరికీ నమస్తే. నేను చలిదేశంలోనే ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. హవల్దార్ అన్నయ్యగారు చెప్పినవన్నీ సరైనవే, ఆఖరి వాక్యం తప్ప. చోళ్ళలో కాల్షియం బాగా ఉంటుంది, 100 గ్రాములకి 300 మిల్లీగ్రాముల పైనే. కానీ విటమిన్ డి ఉండదు. అది ఎండకి చర్మంలో తయారవ్వాలి. విన్నిపెగ్ లాంటి చోట చలికాలం ఎండలో ఆ శక్తి ఉండదు. దానికన్నా కొంచెం ఉత్తరాన ఉన్న ఎడ్మంటన్‌లో అక్టోబరు నుంచి మార్చి దాకా చర్మం విటమిన్ డి తయారు చెయ్యలేదని 1988లోనే పరిశోధనలో తేలింది. మన రంగు చర్మానికి అసలే ఎక్కువ ఎండ కావాలి. అంబలి తాగండి, మాత్రా వేసుకోండి. కెనడా లెక్క ప్రకారం 70 ఏళ్ళ లోపు వాళ్ళకి రోజుకి 600 యూనిట్లు, దాటితే 800. మన దగ్గర వారానికోసారి వేసుకునే 60,000 యూనిట్ల మాత్ర ఇస్తారు, అది మీ అంతట మీరు మొదలుపెట్టకండి. వెళ్ళే ముందు ఒక రక్త పరీక్ష చేయించుకుంటే డాక్టరే చెప్తారు.

టీచరమ్మ చెప్పిన చీకటికి లైట్ బాక్స్ అని వస్తుంది. 10,000 లక్స్ ఉన్నది చూసి కొనాలి. పొద్దున్న లేచిన గంటలోపు అర గంట, ఎదురుగా కాకుండా కాస్త పక్కన పెట్టుకుని కాఫీ తాగుతూ పేపరు చదువుకోవాలి. ఐదింటికి లేచే అంకుల్‌కి మరీ పొద్దున్నే వద్దు, ఏడింటికి పెట్టండి. లేకపోతే సాయంత్రం ఆరింటికే నిద్ర ముంచుకొస్తుంది. షుగర్ వల్ల కంటి రెటీనా దెబ్బతిన్న వాళ్ళు, కొన్ని రకాల మానసిక జబ్బులకి మందులు వాడేవాళ్ళు డాక్టర్ని అడగకుండా వాడకూడదు.

బీపీ చలిలో పెరుగుతుంది, రక్తనాళాలు ముడుచుకుంటాయి కాబట్టి. అంకుల్ ఏం చేసినా చెయ్యకపోయినా ఒక్కటి చెయ్యనివ్వకండి: పార పట్టుకుని గుమ్మం ముందు మంచు తవ్వడం. మనవాళ్ళు "ఈ మాత్రం పని నేను చెయ్యలేనా" అని దిగుతారు. తడిసిన మంచు చాలా బరువు. చలిలో ఒక్కసారిగా అంత శ్రమ పడి గుండెపోటు తెచ్చుకున్న వాళ్ళు ప్రతి చలికాలం ఉంటారు. బీపీ మిషన్ పట్టుకెళ్ళండి. మాత్రలు ప్రిస్క్రిప్షన్‌తో, కంపెనీ ప్యాకింగ్‌లోనే. 90 రోజులకి మించి తేనివ్వరు, మిగతా నెలలకి ఏం చెయ్యాలో వెళ్ళే ముందే డాక్టర్ని అడగండి. సూపర్ వీసా (కెనడాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులకి ఇచ్చే వీసా) మీద వెళ్తుంటే కనీసం లక్ష డాలర్ల ఆరోగ్య బీమా తప్పనిసరి. కొనేటప్పుడు బీపీ ఉందని రాయించండి, దాచిపెడితే అవసరం వచ్చినప్పుడు వాళ్ళు చేతులెత్తేస్తారు.

హీటర్ వల్ల ఇల్లు ఎండిపోతుంది. ముక్కు లోపల పగిలి రక్తం రావడం, కాళ్ళు దురద, దుప్పటి ముట్టుకుంటే చిటచిట షాక్, ఇవన్నీ ఆ పొడి గాలి పనే. స్నానం వేడివేడి నీళ్ళతో చెయ్యకండి. ఒళ్ళు పూర్తిగా ఆరకముందే కొబ్బరి నూనె రాసుకోండి. దాహం వెయ్యకపోయినా నీళ్ళు తాగాలి.

ఇప్పుడు అసలు సంగతి, ఆంటీ. మీరు వెళ్ళేది పురుడుకి. మన వైపు బాలింత గదిలో కుంపటి పెడతాం, బిడ్డకి సాంబ్రాణి పొగ వేస్తాం. అక్కడ ఇళ్ళు గాలి దూరకుండా కట్టేస్తారు. బొగ్గుల కుంపటి పెడితే కార్బన్ మోనాక్సైడ్ అనే వాసన లేని విషవాయువు గదిలో నిండిపోతుంది, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దయచేసి వద్దు. సాంబ్రాణి పొగ చంటిబిడ్డ ఊపిరితిత్తులకి మంచిది కాదు, ఎక్కడైనా సరే. పైగా పొగ అలారం మోగిందంటే ఆ గోల వేరే. ఇల్లు ఎలాగూ వెచ్చగానే ఉంటుంది. బిడ్డకి నాలుగు దుప్పట్లు కప్పకండి, పడుకున్నప్పుడు వదులు దుప్పటి మొహం మీదకి రాకూడదు. కారు సీటులో బిడ్డని లావు కోటుతో కూర్చోబెడితే బెల్టు సరిగ్గా పట్టదు. బెల్టు పెట్టాక పైన దుప్పటి కప్పాలి. తల్లిపాలు తాగే బిడ్డకి అక్కడ రోజుకి 400 యూనిట్ల విటమిన్ డి చుక్కలు వెయ్యమంటారు, "మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా" అనకండి.

అంకుల్ మీద పెట్టిన కన్నులో సగం అమ్మాయి మీద పెట్టండి. పురుడయ్యాక మొదటి రెండు వారాలు ఊరికే ఏడుపు రావడం మామూలే. అది దాటినా తగ్గకపోతే, బిడ్డని చూసినా ఏమీ అనిపించడం లేదంటే, మీరు నచ్చజెప్పి ఊరుకోకుండా డాక్టరుకి చెప్పాలి. ఫిబ్రవరి చీకటి, నిద్రలేమి, ఇంట్లోంచి కదలలేకపోవడం మూడూ ఒకేసారి ఆ పిల్ల మీదే పడతాయి. మీరు మధ్యాహ్నం బయటికి వెళ్ళేటప్పుడు, డాక్టరు సరేనన్నాక, తననీ పది నిమిషాలు తీసుకెళ్ళండి. బిడ్డ అంకుల్ దగ్గర ఉంటుంది, ఆయనకీ పని దొరుకుతుంది.

—

సోంపేట మాజీ హవల్దార్

నర్సమ్మా, మాత్ర విషయం ఒప్పుకున్నాను. మాకు యూనిట్‌లో ఏవో గోలీలు ఇచ్చేవారు, అడక్కుండా మింగేవాళ్ళం. అవేనేమో.

—

ఆమదాలవలస అమ్మ

అందరికీ చాలా థాంక్స్. నర్సమ్మా, కుంపటి సంగతి నువ్వు చెప్పకపోతే నేను నిజంగా అల్లుడితో బొగ్గులు తెప్పించేదాన్ని. అక్కగారూ, మీరు రాసిందంతా మా ఆయనకి చదివి వినిపించాను. టీ కొట్టు వీడియో కాల్ దగ్గర "ఏడింటికంటే ఇక్కడ ఆరున్నర, సరిపోద్ది" అన్నారు. మంచు తవ్వడం దగ్గర మాత్రం మాట్లాడలేదు, అంటే తవ్వుదామనే ఉన్నారు. అల్లుడికి ఆ పార దాచెయ్యమని ఫోన్ చేశాను.

ఇంకో రెండు అడుగుతాను. బూట్లు, కోటు విశాఖలో కొనుక్కుని వెళ్ళాలా, అక్కడ కొనాలా? చోడి పిండి పట్టుకెళ్ళనిస్తారా? మా ఆయన పాత మంకీ క్యాప్ సరిపోద్దంటున్నారు.

—

చీపురుపల్లి సోషల్ టీచర్

బూట్లు, కోటు అక్కడే కొనండి. మన దగ్గర దొరికేవి మన చలికే. మైనస్ ఎంత దాకా పనికొస్తాయో అక్కడ బూట్ల మీద రాసి ఉంటుంది, మైనస్ 30 దాటినవి చూసుకోండి. వాడినవి అమ్మే కొట్లు కూడా ఉంటాయి, కోటుకి అవి చాలు. థర్మల్స్, ఉన్ని మేజోళ్ళు ఇక్కడివి పనికొస్తాయి. విమానం దిగాక బయటికి రావడానికి అల్లుణ్ణి రెండు కోట్లు ఎయిర్‌పోర్టుకే తెమ్మనండి.

చోడి పిండి అక్కడ ఇండియన్ షాపుల్లో రాగి పిండి పేరుతో దొరుకుతుంది, మొయ్యక్కర్లేదు. ఆవకాయో, పొడులో తీసుకెళ్తే ఎయిర్‌పోర్టులో తినే వస్తువులు ఉన్నాయని ఉన్నదున్నట్టు చెప్పెయ్యండి. మెంతులు కూడా అక్కడే కొనండి.

మంకీ క్యాప్ పట్టుకెళ్ళనివ్వండి. ఇంట్లోంచి కారు దాకా సరిపోతుంది, నడకకి మాత్రం చాలదు. గాలి ముక్కుకి కొడుతుంది కాబట్టి దాని మీద మెడ నుంచి ముక్కు దాకా వచ్చే పట్టీ ఉండాలి. కళ్ళద్దాలు పెట్టుకుంటారా ఆయన? పెట్టుకుంటే ఊపిరికి ఆవిరి పట్టి దారి కనిపించదు. అలా పట్టినప్పుడు కాసేపు పట్టీని ముక్కు కిందికి లాగి, మళ్ళీ పైకి లాక్కోమనండి.